గేరునూనె వడకట్టిన పంచె

"నేనేదో గొప్ప చెప్పుకుంటున్నానని అనుకోమాకండి బ్రహ్మయ్యగారూ. నేను చేసిందల్లా ఒక్క ఫిల్టరు బిగించడం, అంతే. ఆ కారు ఇన్నేళ్ళు నడిచిందంటే అందులో నా గొప్ప పావలా, మా బావ పంచె గొప్ప ముప్పావలా."

ఈ మాట అంటూనే బుల్లిబాబు చెప్పులు విడిచి బల్ల మీద మఠం వేసుక్కూచున్నాడు. ఆయన మఠం వేశాడంటే కథ ఇప్పట్లో తెమలదని చిల్లకల్లు రోడ్డు మీద టీ తాగే మా అందరికీ తెలుసు. టీకొట్టు పున్నమ్మ కూడా తెలిసినట్టే పొయ్యి మీద ఇంకో గిన్నెడు పాలు ఎక్కించింది.

అది ఎనభై ఆరులో సంగతి. బ్రహ్మయ్యది బెజవాడ. పాత బళ్ళు కొంటాడు. నడిచేవాటిని అద్దెలకి తిప్పుతాడు, నడవనివాటిని విరగ్గొట్టి సామాను అమ్ముకుంటాడు. ఆ పొద్దున జగ్గయ్యపేటలో దుర్గాంబగారి షెడ్డులో ఉన్న పెద్దకారు చూసి, ఏ సంగతీ రేపు కబురు చేస్తానని చెప్పి, బెజవాడ బస్సు కోసం వచ్చి పున్నమ్మ కొట్లో కూచున్నాడు. దుర్గాంబగారి భర్త వరప్రసాదరావుగారు పోయి మూడేళ్ళయింది. పత్తి వేసుకోవడానికి ఆవిడకి షెడ్డు ఖాళీ కావాలి.

బుల్లిబాబు ఆవిడ చిన్నాన్న కొడుకు. ఆ కారు కొన్ననాటి నించీ తోలింది ఆయనే. ఎవరో చూడ్డానికి వస్తున్నారని తెలిసి, చూడలేక పొద్దున్నే పొలం వెళ్ళి కూచున్నాడట. తీరా ఆ మనిషి వచ్చి వెళ్ళాడని విన్నాక మనసాగక, సైకిలేసుకుని ఎండలో చిల్లకల్లు దాకా తొక్కుకొచ్చాడు. బస్సొచ్చేలోగా కారుని విరగ్గొట్టకుండా బ్రహ్మయ్య మనసు మార్చాలి. అందుకు బుల్లిబాబు దగ్గర ఉన్నదల్లా నోరే.

"పంచేంటండీ, కారేంటండీ?" అన్నాడు బ్రహ్మయ్య.

"అదీ! అట్టా అడగండి. మా బావ డెబ్బై ఒకటిలో మద్రాసులో వేలంలో కొన్నాడండీ ఆ బండిని. దొరలు వాడి వదిలేసిన కారు. ఏనుగంత ఉంటది. మద్రాసు నించి నేనే తోలుకొచ్చా. నందిగామ సెంటర్లో ఆపంగానే జనం మూగారు. ఒక పెద్దాయన లోపలికి తొంగి చూసి, 'మూడో పెడలు ఏదీ? దారిలో ఊడి పడిపోయిందా?' అన్నాడు. ఊడిపోలేదండీ, దీనికి క్లచ్చి ఉండదు, గేర్లు వాటంతటవే పడతయ్ అన్నా. ఆయన నన్ను కిందికీ మీదికీ చూసి, 'వాటంతటవే పడితే మరి నువ్వెందుకు?' అన్నాడు. మా బావ వెనక సీట్లో పడీపడీ నవ్వాడు. జగ్గయ్యపేట దాకా నవ్వుతానే ఉన్నాడు. ఆ తర్వాత నేనెప్పుడు కాస్త బిగుసుకున్నా, 'ఒరే బుల్లీ, మరి నువ్వెందుకురా' అనేవాడు.

"సరే, ఆ గేరుపెట్టెలో పోసే నూనె మన లారీల్లో పోసే నల్లటి జిగటనూనె కాదండీ. మీకు తెలుసనుకోండి, ఈ పక్కన కూచున్న మాస్టారి కోసం చెప్తన్నా. ఎర్రగా, పల్చగా ఉంటది. ఆవకాయ జాడీలో పైకి తేలిన నూనె చూడండి, అచ్చం అదే రంగు. గేర్లు మార్చేదంతా ఆ నూనే. దాంట్లో నలక పడిందా, గేరు జారుద్ది. ఇంజను కేకలేస్తా ఉంటది, బండి మాత్రం కదలదు. మరి మా బావ ఆ కారుని ఎక్కడ తిప్పాడు? మిరప కల్లాల్లో. పత్తి చేలగట్ల మీద. రెండేళ్ళు తిరిగేసరికి బండి నీరసపడిపోయింది. ఒకసారి నందిగామ దాటాక ఎత్తులో మమ్మల్ని గడ్డిబండి దాటుకుపోయింది. గడ్డి మీద పడుకున్నవాడు లేచి మరీ దణ్ణం పెట్టాడండీ మా బావకి. సిగ్గుతో చచ్చిపోయాం.

"బెజవాడ మెకానిక్కులకి చూపిస్తే ఇది మా వల్ల కాదు, బొంబాయి పంపమన్నారు. మా బావ ఆ రాత్రి అన్నం తినకుండా, 'అమ్మేద్దాంరా బుల్లీ' అన్నాడు. ఆ కారు పోతే మా బావ పక్కన నేనెందుకు? ఆయన మోతుబరి, నేను మూడెకరాలవాణ్ణి. ఆయన ముందు నేను కుర్చీలో కూచునేది ఆ కారులోనే గదా."

"అది నిజమే" అన్నాడు ఉమాకాంతం మాస్టారు. ఆయన హైస్కూల్లో లెక్కలు చెప్పేవాడు. బుల్లిబాబు కథల్లో ఏ ముక్క నిజమో ఏది కాదో ఎప్పటికప్పుడు చెప్పే పని తనదేనని ఆయన ఉద్దేశం.

"తెల్లారి నూనె దించి చూశా. ఎరుపెక్కడిది, నల్లగా కాటుకలాగుంది. ఎండలో పెడితే తళతళా మెరిసే పొడి. గేర్ల అరుగుదలండీ అదంతా. తలపట్టుకుని వసారాలో కూచున్నా. అవి ఆవకాయ రోజులు. మా దుర్గక్క గానుగ నించి తెచ్చిన నువ్వులనూనెని మంగళగిరి పంచె ముక్కలో వడకడుతోంది. మా వాళ్ళ ఇళ్ళల్లో ఆ నూనె పంచెలో వడకట్టకుండా జాడీలో పొయ్యరు. పైన చెత్తంతా నిలబడిపోయింది, కింద నూనె అద్దంలా దిగుతోంది. నేను ఎగిరి లేచా. 'అక్కా, కారుక్కూడా ఆవకాయ పెట్టాలే' అన్నా. నాకు ఎండదెబ్బ తగిలిందనుకుని అక్క నా నెత్తిన చెంబుడు నీళ్ళు కుమ్మరించింది.

"గేరుపెట్టె నించి రేడియేటరు దగ్గరికి రెండు సన్నపైపులుంటయ్ గదండీ. వేడినూనె ఒక దాంట్లో పోయి చల్లారి రెండో దాంట్లో తిరిగొస్తది. ఆ తిరిగొచ్చే పైపుని మధ్యలో కోశా. పాత ట్రాక్టరుది డీజిలు ఫిల్టరు, గాజుగిన్నెది, తెచ్చి ఆ కోతలో బిగించా. లోపల కాగితం ఫిల్టరు వేస్తే వేడికి పీలికలైపోయింది. దండెం మీద మా బావ పంచె ఆరేసి ఉంది. కొత్తది. చించి, మడతలు మడతలుగా పెట్టి, దారం చుట్టి గిన్నెలో కూరా. కొత్త నూనె పోసి స్టార్టు చేస్తే బండి పెళ్ళికూతురు నడిచినట్టు నడిచింది. మా బావ స్నానం చేసొచ్చి, 'నా పంచె ఏదిరా బుల్లీ?' అన్నాడు. 'కారు కట్టుకుంది బావా' అన్నా."

మేం నవ్వాం. బ్రహ్మయ్య కూడా నవ్వి, "ఇది జరిగే పనేనండీ. నూనె తిరిగొచ్చేచోట వడపోత పెడితే లోపల రాపిడి తగ్గుద్ది" అన్నాడు.

"ఇక్కడిదాకా మార్కులు వేశా" అన్నాడు మాస్టారు. "ఇక కోతలు మొదలెట్టు."

"మొదలెట్టడమేంటి మాస్టారూ, జరిగింది చెప్తంటే! ఆ తర్వాత ఏమైందో తెలుసా? గేరు పడతంటే తెలిసేది కాదండీ. నందిగామలో ఒకాయన పందెం కాశాడు. గ్లాసు నిండా పాలు పోసి ముందు అద్దం దగ్గర పెట్టుకుని, మునగచెర్ల మీదుగా, గోతుల్లో, జగ్గయ్యపేట దాకా తోలా. చుక్క తొణకలేదు. తొణక్కపోవడం కాదు, మీగడ కట్టింది! కదిలే పాలు మీగడ కడతయ్యా? మీరే చెప్పండి."

"కట్టవు" అంది పున్నమ్మ. పాల సంగతి ఆవిడకి తెలుసు.

"చూశారా! అయినా నాకు తృప్తి లేదు. గుడ్డకి దొరకని సన్న ఇనపపొడి ఇంకా ఉంటదేమోనని అనుమానం. ఆ ఏడు పెనుగంచిప్రోలు తిరనాళ్ళకి టూరింగు టాకీసొచ్చింది. వాళ్ళ లౌడుస్పీకరు వానలో తడిసి మూగబోయింది. దాని వెనకాల అరిసెంత అయస్కాంతం ఉంటది గదా, అది అడిగి తెచ్చుకుని గాజుగిన్నె అడుగున కట్టా. ఇక చూడండి, పొడంతా వచ్చి గిన్నె అడుక్కి కరుచుకుపోయేది. ఒక్కటే ఇబ్బంది. ముక్త్యాల రోడ్డు మీద పోతన్నాం, నేనూ మా బావా. వెనకాల గంటల చప్పుడు. తిరిగి చూస్తే ఎడ్లబళ్ళు! బారులు తీరి వస్తన్నయ్. మేం జోరు పెంచితే అయీ పెంచుతన్నయ్. ఏంటా అని చూస్తే, ఎడ్ల కాళ్ళకి నాడాలుంటయ్ గదా, వాటిని లాగేస్తందండీ నా అయస్కాంతం! బళ్ళనిండా పెళ్ళివారు. వత్సవాయి పోవాల్సినవాళ్ళు, మా వెంటబడి ముక్త్యాల వచ్చేశారు."

"అయ్యో, మరి పెళ్ళో?" అంది పున్నమ్మ.

"ముక్త్యాలలో ఆ రోజే ఇంకో పెళ్ళి జరుగుతోంది. శుభ్రంగా భోంచేసి, తాంబూలాలు పుచ్చుకుని సాయంత్రం వెళ్ళారు. వంటలు బావున్నాయన్నారు గూడా."

"కారంతా ఇనుమే గదయ్యా" అన్నాడు మాస్టారు. "బయట ఎడ్లని లాగే అయస్కాంతం కారుకే అంటుకుపోదా?"

"భలేవారే! అయస్కాంతానికి ఇంట్లోవాళ్ళెవరో పైవాళ్ళెవరో తెలియదా మాస్టారూ?"

మాస్టారు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. బ్రహ్మయ్య మాత్రం రోడ్డు వంక చూశాడు, బస్సు జాడ ఉందేమోనని. అది చూసి బుల్లిబాబు ఇంకాస్త ముందుకి జరిగాడు.

"అసలు నూనె మహిమ వినండి. ఏడాదికోసారి పాత నూనె దించేవాణ్ణి. పాతదంటే ఏంటి, ఫిల్టరులో దిగి దిగి కొత్తదానికంటే ఎర్రగా, తేటగా ఉండేది. ఓసారి డబ్బాలో పట్టి అరుగు మీద పెట్టా. మా బావ మేనత్త రాఘవమ్మగారని ఉండేది. మోకాళ్ళ నొప్పులు, గోడ పట్టుకుంటే గాని లేచేది కాదు. ఆ ఎర్రరంగు చూసి ఎవరో తైలం పంపించారనుకుని మోకాళ్ళకి మర్దనా చేసుకు పడుకుంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? తెల్లారేసరికి ముసలావిడ లేదు! వెతగ్గా వెతగ్గా ఒకడు చెప్పాడు, చిల్లకల్లు దాటిపోయిందని. కారేసుకుని వెంటబడ్డాం. ఆవిడ పోతా ఉంది చూడండి రోడ్డు మీద! ఎత్తొస్తే చిన్నగేరు, పల్లమొస్తే పెద్దగేరు, వాటంతటవే పడతన్నయ్. 'అత్తా ఆగు' అని మా బావ అరుస్తాడు, 'ఆగాలనే ఉందిరా, ఆగట్లేదు' అంటది. పాపం, బ్రేకులు లేవు గదా!"

"ఎక్కడాగిందండీ?" అన్నాడు బ్రహ్మయ్య.

"కీసర దగ్గర. వియ్యపురాలు ఎదురొచ్చింది. కోడలి మీద చాడీలు మొదలెట్టి అక్కడే నిలబడిపోయింది. లేకపోతే బెజవాడలో కృష్ణ దాటేసేదే."

పున్నమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. ఎవరో లారీ క్లీనరు, టీ తాగడానికొచ్చినవాడు, గ్లాసు ఖాళీ అయినా కదలకుండా నిలబడ్డాడు.

"మున్నేటి సంగతి ఇంకా చెప్పలేదు. వరద రోజులు. పెనుగంచిప్రోలు దగ్గర చప్టా మీద నీళ్ళు పారుతున్నయ్. దిగొద్దురా అంటాడు మా బావ. నేను వింటానా? దింపా. సరిగ్గా నడిమధ్యన పైపు ఊడింది. ఒక చివర నీళ్ళల్లో, ఒక చివర గాల్లో. ఇంజను ఆడతానే ఉంది. చూద్దును గదా, ఆ చివర మున్నేటి బురదనీళ్ళు పీల్చుకుని, ఈ చివర కొబ్బరినీళ్ళలాంటి నీళ్ళు చిమ్ముతోందండీ ఫిల్టరు! ఊళ్ళో మంచినీళ్ళు లేవు, బావులన్నీ వరదపాలు. క్షణంలో కబురు పాకింది. ఆడవాళ్ళు బిందెలు తీసుకుని మోకాల్లోతు నీళ్ళలో లైను కట్టారు. మా బావ పంచె ఎగ్గట్టి బానెట్టు మీదెక్కి కూచుని, 'బాలింతలున్న ఇంటివాళ్ళు ముందుకి రండమ్మా, ముసలాళ్ళని రానియ్యండి, ఒక్కోరికీ రెండే బిందెలు' అని ఏర్పాట్లు చెయ్యడం మొదలెట్టాడు. పొద్దుగూకిందాకా అక్కడే ఉన్నాం. తడిసి ముద్దయ్యాం. బావ మొహంలో ఆ రోజున్న సంబరం నేను మళ్ళీ చూడలేదండీ. పెళ్ళిలో గూడా అంత సంబరంగా లేడు."

బుల్లిబాబు కాసేపు ఆగాడు. ఆ ఆగడం కథలో భాగం కాదని మాకందరికీ తెలిసింది. వరప్రసాదరావుగారు మాక్కూడా తెలిసినవాడే. ఈ రోడ్డున పోతూ కారాపి, కొట్లో ఉన్న అందరికీ టీ ఇప్పించకుండా వెళ్ళేవాడు కాదు.

"అయితే ఇప్పుడు బండి పరిస్థితి ఎట్టా ఉందంటారు?" అన్నాడు బ్రహ్మయ్య. "మూణ్ణాలుగేళ్ళుగా ఎవరూ తోలలేదట గదా?"

"ఎవరండీ తోలలేదన్నది?" బుల్లిబాబు మఠం విప్పి మళ్ళీ వేశాడు. "ఇదిప్పటిదాకా ఎవరికీ చెప్పలా. మా అక్కకి కూడా తెలియదు. పోయినేడు దానికి కంటి ఆపరేషనని హైదరాబాదు తీసుకెళ్ళా, కారులోనే. ఆస్పత్రిలో దించి, నేనొక్కణ్ణే తిరిగి రావాలి. గేరు వెయ్యబోతే చెయ్యి జారి రివర్సులో పడింది. సరే మళ్ళీ మారుద్దాంలే అనుకునేలోపలే బండి కదిలింది. ఏం కదలడం! నూనె అంత శుభ్రంగా ఉంది గదా, ముందుకీ వెనక్కీ తేడా లేదండీ దానికి. పోనీలే, ఎట్టా పోయినా ఇంటికే గదా అని మెడ తిప్పి, చెయ్యి సీటు మీదేసి, రివర్సులోనే తోలుకొచ్చా."

"హైదరాబాదు నించా?" అన్నాడు లారీ క్లీనరు.

"హైదరాబాదు నించే! సూర్యాపేట దగ్గర అనుమానమొచ్చి మీటరు చూశా. తగ్గుతోంది! వెనక్కి పోతే తగ్గదూ మరి? మైళ్ళు తగ్గుతున్నయ్, వాటితోపాటే కారుకి వయసు తగ్గుతోంది. సీటు చిరుగులు పూడినయ్. డోరు మీద సొట్ట పోయింది. కోదాడలో అద్దంలో నా మొహం చూసుకుంటే మీసం నల్లబడింది. జిల్లా సరిహద్దు దాటేసరికి రోడ్డు మీద సిమెంటు లారీ ఒక్కటి లేదు. రోడ్డు వెడల్పు చెయ్యడానికి కొట్టేసిన చింతచెట్లున్నయ్ చూడండి, అవన్నీ మళ్ళీ నిలబడి ఉన్నయ్, చిగుళ్ళేసుకుని. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇక్కడికొచ్చేసరికి ఈ కొట్టు లేదు. పున్నమ్మ లంగా వోణీ వేసుకుని, నెత్తిన గడ్డిమోపు పెట్టుకుని రోడ్డు దాటుతోంది. హారన్ కొడితే తిట్టింది."

"చీ, ఊరుకోండి బాబుగారూ" అంది పున్నమ్మ. కాని సిగ్గుపడింది. చాలాకాలమయింది ఆవిడ సిగ్గుపడగా మేం చూసి.

"మాస్టారేమో కొత్తగా ఉద్యోగంలో చేరడానికి ట్రంకుపెట్టె పట్టుకుని బస్సు దిగుతున్నారు. జుట్టు, అబ్బ, ఎంత జుట్టండీ!"

మాస్టారు అడ్డం చెప్పలేదు. చెయ్యి మాత్రం తల మీదికి వెళ్ళింది.

"జగ్గయ్యపేటలోకి తిప్పా. వెనక్కే. బజారంతా పాత బజారే. మా ఇంటి సందు మలుపు తిరిగి, గేటు దాకా వచ్చి చూస్తే..." బుల్లిబాబు జగ్గయ్యపేట వైపు చూశాడు. "గేటు దగ్గర మా బావ నిలబడి ఉన్నాడండీ. తెల్లగా, మంగళగిరి పంచె కట్టుకుని. చింపని పంచె. నేనింకా ఫిల్టరు పెట్టలేదు గదా అప్పటికి, పంచె నిండుగానే ఉంది. చేతిలో ఆ రోజు పేపరు. నన్ను చూసి, 'ఏరా బుల్లీ, ఇంత ఆలస్యమైందేంట్రా, నందిగామ పోవాలన్నా గదా' అన్నాడు. నేను ఇంజను ఆపలేదండీ. ఆపితే ఏమవుద్దోనని. ఎక్కు బావా అన్నా. ఎక్కాడు."

కథ అక్కడితో ఆగింది. పొయ్యి మీద పాలు పొంగుతున్నా పున్నమ్మ చూసుకోలేదు. ఇది జరిగిందా లేదా అన్న ధ్యాస మాలో ఒక్కరికీ లేదు. ఆ కారెక్కి ఇంకొంచెం వెనక్కి పోవాలని ప్రతివాడికీ ఉంది. నా మటుకు నాకు, పోయిన మా అన్నయ్య గుర్తొచ్చాడు.

బ్రహ్మయ్య గ్లాసు కింద పెట్టాడు.

"బుల్లిబాబుగారూ, తప్పుగా అనుకోమాకండి. పొద్దున షెడ్డులో ఆ కారు నేను స్టార్టు చేసి చూశానండీ. ముందుకి రెండడుగులు వెన్నలాగా కదిలింది. బయటికి తీద్దామని వెనకగేరు వేస్తే ఇంజను అరిచిందే గాని చక్రం తిరగలా. కూలీలొచ్చి నెడితే గాని షెడ్డులోంచి బయటికి రాలా. రివర్సే లేని బండిని హైదరాబాదు నించి వెనక్కి ఎట్టా తోలుకొచ్చారండీ?"

ముందుగా పున్నమ్మే తేరుకుంది.

"అవునయ్యోయ్! ఆ కారుకి వెనకగేరెక్కడ ఏడిసింది? ఈ కొట్టు ముందే ఎన్నిసార్లు నెట్టలేదు మనం! పెద్దాయన దిగి తనూ ఓ చెయ్యి వేసేవాడు."

అప్పుడు అందరికీ గుర్తొచ్చింది. నిజమే, నేనూ నెట్టాను. లారీ క్లీనరు పగలబడి నవ్వాడు. మేమూ ఆగలేకపోయాం. బుల్లిబాబు అంత తేలిగ్గా దొరుకుతాడా, చెయ్యెత్తి అందర్నీ ఆపాడు.

"మరి అదే గదా నేను చెప్పేది! హైదరాబాదు నించి ఇక్కడిదాకా వెనక్కి తోలితే వెనకగేరు అరగదా? అట్టా అరిగిందే అది!"

మాస్టారు జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు.

"మరి నీ పంచె ఉండగా అరగడమేంటయ్యా?"

ఈసారి నవ్వులకి రోడ్డవతల కూచున్నవాళ్ళు కూడా లేచి చూశారు. బుల్లిబాబు నోరు తెరిచాడు. మాట రాలేదు. మళ్ళీ తెరిచాడు. ఆయన నోటికి మాట అందకపోవడం నేను చూడ్డం అదే మొదలు. మెడలో తువ్వాలు తీసి మొహం తుడుచుకుని, చెప్పుల కోసం కాలితో వెతుక్కున్నాడు. మా నవ్వులు వాటంతటవే ఆగిపోయాయి.

"రివర్సు ముందే పోయింది మాస్టారూ" అన్నాడు, మామూలు గొంతుతో. "ఫిల్టరు పెట్టకముందే. ఆ నల్లనూనెతో తిరిగిన రోజుల్లో. పెట్టాక ఇంకోటేదీ పాడవలేదు, అది మాత్రం కోత కాదు. ఉన్నవాటిని కాపాడింది. పోయినదాన్ని అదెక్కణ్ణించి తెస్తది?"

బ్రహ్మయ్య వైపు తిరిగాడు. కళ్ళల్లో నీళ్ళు దాచుకోలేదు.

"నిజంగా వెనక్కి పోయే బండే అయితే, మూడేళ్ళ నించి షెడ్డులో ఎందుకుంచుతానండీ? రోజూ ఓసారి వెళ్ళి మా బావని చూసొచ్చేవాణ్ణి."

దూరంగా బెజవాడ బస్సు హారన్ వినపడింది. బ్రహ్మయ్య లేచి సంచీ భుజాన వేసుకుని, బుల్లిబాబు పక్కకొచ్చి నిలబడ్డాడు.

"ఆ గాజుగిన్నె నేనూ విప్పి చూశానండీ పొద్దున. గుడ్డ ఉంది. కింద అయస్కాంతమూ ఉంది. నూనె ఇప్పటికీ ఎర్రగానే ఉంది. ముందుగేర్లలో పిసరంత రాపిడి లేదు. అట్టాంటి బండిని విరగ్గొట్టడానికి నాకు చేతులు రావు. పెళ్ళిళ్ళకి తిప్పుకుంటా. అక్కయ్యగారికి చెప్పండి, కొన్నానని."

"వెనక్కి రాదు గదండీ మరి?" అన్నాడు బుల్లిబాబు, నమ్మలేనట్టు.

"ఏముందండీ, పెళ్ళిలో జనానికి కొదవా? నెడతారు."

బస్సొచ్చి ఆగింది. బ్రహ్మయ్య మెట్టెక్కాడు. బుల్లిబాబు ఒక కాలికే చెప్పు తొడుక్కుని బస్సు దాకా పరిగెత్తాడు.

"గుడ్డ ఏడాదికోసారి మార్చాలండీ! మంగళగిరిదే వెయ్యండి. కొత్తది కాదు, ఓ నాలుగు ఉతుకులు ఉతికింది. పాలిస్టరు గుడ్డ మాత్రం పెట్టబాకండి, దాని దుంపతెగ, అది దేన్నీ పట్టుకోదు!"

"నాకెందుకు చెప్తారండీ?" అన్నాడు బ్రహ్మయ్య బస్సులోంచి వంగి. "ఏడాదికోసారి మీరే వచ్చి మార్చిపోండి."